నెగిటివ్ అని రాసి కథ ముగించకండి

అమ్మా,

మీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మాట పొదుపుగా వాడడం మీకు తెలుసు. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను, ఎందుకంటే ఆఖరి పేజీ నాకు చాలా కోపం తెప్పించింది.

మీ కథలో మేనమామ టైలరు, ముప్పై ఎనిమిదేళ్లవాడు. రక్తదాన శిబిరంలో రక్తం ఇస్తే లివర్‌ను పట్టే హెపటైటిస్ బి వైరస్ ఉందని బయటపడింది. భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు. ఇక్కడిదాకా నమ్మాను. ఆఖర్న ఇంకో రిపోర్టు వస్తుంది. అందులో 'హెచ్‌బిఇఏజీ నెగిటివ్' అని ఉంటుంది. డాక్టరు నవ్వుతాడు, భార్య తిరిగొస్తుంది, అందరూ అన్నవరం వెళ్లి వ్రతం చేసుకుంటారు. అక్కడ ముగించారు. ఆ ఒక్క నెగిటివ్ చూసి మనిషి బాగైపోయాడని రాసే హక్కు మీకు లేదు.

నేను డాక్టర్ని కాను. ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ కథలు రాశాను. ఇలాంటి రిపోర్టులు నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి. జబ్బు గురించి రాసేవాళ్లకు నేను మొదట్నించీ చెప్పేది ఒకటే. జబ్బుకు దాని నడక దానికుంటుంది. కథ ఆ నడకకు లొంగాలి. మీకు తీరిక లేదని, పోటీవాళ్లు పేజీలు ఇన్నే అన్నారని దాన్ని పరుగెత్తించకూడదు.

ఈ వైరస్ సంగతే చూడండి. దాని జీనోమ్, అంటే జన్యువులన్నీ ఉండే రాత, సుమారు 3,200 అక్షరాలు, అంతే. ఆ కాస్త చోటులోనే నాలుగు జన్యువులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. లివర్ కణంలోకి వెళ్లి, కేంద్రకంలో గుండ్రటి డీఎన్‌ఏగా మారి తిష్ఠ వేస్తుంది. ఇప్పుడున్న మాత్రలు వైరస్ పెరగకుండా ఆపుతాయి కానీ, ఆ తిష్ఠ వేసినదాన్ని తుడిచెయ్యలేవు. ఇక మీరు హెచ్‌బిఇఏజీ అని రాసిన ఇ యాంటిజెన్ అనేది వైరస్ రక్తంలోకి వదిలే ఒక ప్రోటీన్. వైరస్ పెరగడానికి అది అక్కర్లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన జోలికి రాకుండా చూసుకోవడానికి దానికి పనికొస్తుందని శాస్త్రవేత్తలు అనుకుంటారు. 1972లో స్వీడన్‌లో దీన్ని గుర్తించాక, ఇ ఉంటే వైరస్ జోరుగా ఉన్నట్టు, ఇ పోయి దాని యాంటీబాడీ వస్తే వైరస్ సద్దుమణిగినట్టు లెక్క వేశారు. చాలామంది విషయంలో ఆ లెక్క నిజమే. మీ డాక్టరు నవ్వడానికి కారణం కూడా అదే.

కానీ గ్రీసు, ఇటలీ దేశాల డాక్టర్లకు ఆ లెక్క కుదరలేదు. వాళ్ల దగ్గరికొచ్చే రోగుల్లో ఇ లేదు, దాని యాంటీబాడీ ఉంది, అయినా లివర్ పాడవుతూనే ఉంది. 1983లో స్టెఫానోస్ హడ్జియానిస్, ఆయన తోటివాళ్లు అలాంటివాళ్లలో వైరస్ డీఎన్‌ఏ ఉందని రాశారు. ఎందుకుందో 1989లో తెలిసింది. జీనోమ్‌లో 1896వ స్థానంలో 'జి' ఉండాల్సిన చోట 'ఎ' వచ్చింది. ఆ ఒక్క అక్షరం మారడంతో ఇ ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. వైరస్ పెరుగుదల మాత్రం ఆగదు. పరీక్ష అబద్ధం చెప్పలేదమ్మా. అడిగినదానికి జవాబు చెప్పింది. ఇ ఉందా అని అడిగారు, లేదంది. వైరస్ ఉందా అని మీ కథలో ఎవరూ అడగలేదు.

ఇంకో వివరం చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఆ 1896వ అక్షరం వైరస్‌లో ఒక మడత దగ్గర 1858వ అక్షరంతో జత కడుతుంది. ఈ వైరస్‌లో జెనోటైప్‌లనే తెగలున్నాయి. డి జెనోటైప్‌లో 1858 దగ్గర 'టి' ఉంటుంది. కాబట్టి 'ఎ' వచ్చి చేరితే జత ఇంకా గట్టిపడుతుంది. ఎ జెనోటైప్‌లో మామూలుగా అక్కడ 'సి' ఉంటుంది, మార్పు వస్తే జత చెడుతుంది. అందుకే డి ఎక్కువగా ఉన్న మధ్యధరా తీరంలో ఈ మారిన వైరస్ అంతగా కనబడింది. మన దేశంలో డి, ఎ రెండూ ఉన్నాయి. కథలో ఊరి పేరు, వీధి పేరు అంత శ్రద్ధగా రాశారే, మీ మామయ్య వైరస్ ఏ రకమో ఒక్కసారైనా ఆలోచించారా? కథలో రాయమనడం లేదు. మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు కాలం సంగతి. పసితనంలో ఈ వైరస్ సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది నూటికి ఐదుగురి కంటే తక్కువ. చిన్నప్పుడు సోకినవాళ్లలో ఏళ్ల తరబడి వైరస్ విపరీతంగా ఉంటుంది, లివర్ పరీక్షలు మాత్రం మామూలుగా వస్తాయి. తర్వాతెప్పుడో ఒళ్లు మేలుకుని పోరాడుతుంది, ఆ పోరులో లివర్ దెబ్బతింటుంది. ఇ పోతుంది. అక్కడినుంచి రెండు దారులు. ఎక్కువమందిలో వైరస్ అణిగి ఉంటుంది. కొందరిలో మారిన వైరస్ మళ్లీ రాజుకుంటుంది, తగ్గుతుంది, మళ్లీ రాజుకుంటుంది. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటోందా అని చెప్పే రక్తపరీక్ష) ఈ నెల మామూలుగా ఉండి, నాలుగు నెలల తర్వాత ఎక్కువ రావచ్చు. అందుకే ఒక్క రిపోర్టుతో ఏ దారిలో ఉన్నాడో తేల్చరు. ఏడాదిపాటు మూడు నాలుగు నెలలకోసారి ఎస్‌జీపీటీ, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, చూస్తారు. లోడ్ మిల్లీలీటరుకు 2,000 యూనిట్ల లోపే ఉండి, ఎస్‌జీపీటీ ఎప్పుడు చూసినా మామూలుగా ఉంటే అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. రాజుకునే రకానికి టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ ఏళ్ల తరబడి వెయ్యాలి. సొంతంగా మానేస్తే తిరగబెడుతుంది. పట్టించుకోకపోతే లివర్ గట్టిపడి పాడయ్యే సిర్రోసిస్, ఆపైన లివర్ కేన్సర్. సిర్రోసిస్ లేకుండానే కేన్సర్ వచ్చేవాళ్లూ ఉన్నారు.

మీ మామయ్య ఏ దారిలో ఉన్నాడో ఆయనకూ తెలియని ఆ ఏడాది ఉంది చూశారా, అదీ రాయాల్సిన కథ. బట్టలు కుడుతూ, నాలుగు నెలలకోసారి కొట్టు మూసి ల్యాబ్‌కు వెళ్లడం. ఒంట్లో నొప్పి లేదు, అలసట కూడా లేదు, ఎందుకు వెళ్తున్నట్టు అనిపించడం. ఆ టెన్షన్ రాయండి. మధ్యలో కళ్లు పచ్చబడడం, పసరు మందు ఘట్టం తీసేయండి. కలుషిత నీళ్లతో వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. ఏళ్ల తరబడి ఉండే బి అలా కాదు, చాలామందిలో కళ్లు పచ్చబడకుండానే నడుస్తుంది.

ఇదంతా కథలో ఎవరు చదువుతారని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నాకూ చెప్పారు. ఒక వారపత్రిక సంపాదకుడు ఇలాంటి కథే పట్టుకుని, "ఈ పరీక్షలు, అంకెలు పాఠకుడికెందుకండీ, తీసేసి ఆఖర్న భార్య ఏడుపు పెంచండి" అన్నాడు. కొసమెరుపు లేదని కూడా అన్నాడు. ఆ రోజుల్లో కొసమెరుపు లేకపోతే కథే కాదు. సీరియళ్లలో హీరోయిన్‌కు బ్లడ్ కేన్సర్ రావడం, రుమాలులో రక్తం పడడం, ఆదివారానికి చనిపోవడం. జబ్బుని ఏడిపించే యంత్రంలా వాడుకున్నారు. ఇప్పుడు ప్రతీకలా వాడుతున్నారు, అదీ నాకు నచ్చదు. నేను కథ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఇంట్లో గొడవైంది, ఆ డబ్బుకు అవసరం ఉన్న రోజులవి. చాలా ఏళ్లు పెట్టెలో పడుంది. చివరికి ఒక చిన్న పత్రిక ఒక్క మాట తీయకుండా వేసింది.

అది వచ్చిన కొన్నాళ్లకు తెనాలి నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో పాత రిపోర్టు. ఇ నెగిటివ్ అని ఉంది. "మీ కథలో ఆయన నెగిటివ్ వచ్చాక కూడా చూపించుకుంటున్నాడు గదండీ, నేను మానేసి చాలా ఏళ్లయింది" అన్నాడు. మర్నాడే ఆసుపత్రికి పంపాను. వైరల్ లోడ్ లక్షల్లో ఉంది. సంపాదకుడు కొట్టేయమన్న పేరా చదివే ఆయన వచ్చాడు. కథలో మీరు రాసిన రిపోర్టుని ఎవరో ఒకరు తన ఇంటి రిపోర్టు పక్కన పెట్టుకుని చదువుతారమ్మా. మీ అన్నవరం ప్రయాణం చదివి ఇంకొకరు చూపించుకోవడం మానేస్తారు. నా కోపం అందుకే.

కలం పేరు గురించి, పోటీ గురించి అడిగారు. అవి తర్వాత.

ఒక్క వాక్యం గురించి చెప్పాలి. నాలుగో పేజీలో, మామయ్య మిషను తొక్కుతుంటే వాళ్లమ్మ గుర్తొస్తుంది. "పొట్ట నీళ్లతో ఉబ్బి, ఒళ్లంతా ఎండిపోయి, నలభై ఐదేళ్లకే పోయింది" అని రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆమె తాగదు, ఆ సంగతి మీరే రాశారు. అలాంటి మనిషికి అంత చిన్న వయసులో, సిర్రోసిస్‌లో చేరినట్టు పొట్టలో నీళ్లు ఎందుకొచ్చాయో మీ కథలో ఎవరికీ అనుమానం రాలేదు. మామయ్యకు వైరస్ శిబిరంలోనో మంగలి కొట్టులోనో అంటి ఉండకపోవచ్చు. కాన్పులోనే తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు. ఆయన పుట్టేనాటికి మనకు చవక టీకా కూడా లేదు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చింది 1997లో. ఇప్పుడైతే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేస్తున్నారు.

మీ కథ మొత్తం ఆ వాక్యంలో ఉంది. ఆ తల్లి కడుపున పుట్టింది మామయ్య ఒక్కడే కాదు, కథ చెబుతున్న అమ్మాయి తల్లి కూడా. ఆమెకు పరీక్ష చేయించినట్టు ఎక్కడా లేదు. తిరిగొచ్చిన భార్యకు పరీక్ష లేదు, టీకా లేదు. వాళ్ల పిల్లలకూ లేదు. అందరికీ హెచ్‌బిఎస్‌ఏజీ, అంటే ఒంట్లో ఈ వైరస్ ఉందా అని చూసే పరీక్ష, చేయించండి. లేదని తేలి, రక్షణ లేనివాళ్లకు మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఉందని తేలినవాళ్లకు ఇ ఒక్కటే చూసి సరిపెట్టకుండా వైరల్ లోడ్ కూడా చూడాలి.

ఇది కల్పనే అయితే కథలో సరిచేయండి. మీ ఇంటి సంగతే రాసి ఉంటే, కథ తిరగరాయడం తర్వాత పెట్టుకుని ముందు మీ అమ్మగారిని తీసుకుని వెళ్లి, మీరిద్దరూ పరీక్ష చేయించుకోండి. లివర్ డాక్టరుకు చూపించండి. ఏం తేలిందో ఒక ఉత్తరం ముక్క రాయండి.

ఉంటాను.