జాబితాలో పేరు లేని కథను ఏం చేయాలి?

అమ్మాయికి,

ఆశీస్సులు.

కథల పోటీ ఫలితాలు వచ్చాయని, జాబితా మూడుసార్లు చూసినా నీ పేరు కనపడలేదని రాశావు. నీ కథలో ఏం తక్కువైందో చెప్పమన్నావు. జాబితాను చూసి ఆ సంగతి ఎవరూ చెప్పలేరమ్మా. ఈ విడత వచ్చిన కథల్లో, ఈ ముగ్గురు న్యాయనిర్ణేతలు చదివితే, ఫలానావి ముందుకొచ్చాయి. జాబితా చెప్పేది అంతే. నీ కథ సంగతి తెలియాలంటే నీ కథనే నువ్వు మళ్లీ చదవాలి. అదీ ఇవాళ కాదు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకో. ఒక పోటీకి 400 కథలు వచ్చాయనుకుందాం. అవన్నీ న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్లవు. ఇద్దరు ముగ్గురు పంచుకుని వడపోస్తారు. నిబంధన తప్పినవి ముందే పక్కకి పోతాయి: పదాల పరిమితి దాటినవి, పేరు ఉండకూడదన్నా కథ కింద పేరు పెట్టినవి, కథ సొంతమని, వేరెక్కడా పరిశీలనలో లేదని రాసిచ్చే హామీపత్రం జతచేయనివి, ఫైలు తెరుచుకోనివి. యూనికోడ్‌లో పంపమంటే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే సరిగా కనపడే అను ఫాంట్లలో పంపిన కథ అవతల తెరిచేసరికి పిచ్చిగీతల్లా కనపడుతుంది. దాన్ని మార్చుకుని చదివే ఓపిక ఎవరికుంటుంది? తర్వాత మొదటి పేజీ సాగదీసినవి పోతాయి. అలా ఏ 30 కథలో తుది పరిశీలనకు చేరతాయి.

అక్కడ మార్కుల లెక్క మొదలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు, పదికి మార్కులు అనుకో. ఒక కథకి 9, 9, 4 వచ్చాయి. మొత్తం 22. ఇంకో కథకి 8, 7, 8. మొత్తం 23. ఇద్దరు నెత్తిన పెట్టుకున్న కథ ఓడింది, ముగ్గురూ 'బాగానే ఉంది' అన్న కథ గెలిచింది. ఇందులో ఎవరి మోసమూ లేదు, కూడిక అలా తేలింది. కాస్త కొత్త దారిలో రాసేవాళ్లకి ఈ కూడిక తరచూ అడ్డం పడుతుంది. ఇంకోటి, ఒకే విషయం మీద నాలుగు మంచి కథలు వస్తే నాలుగింటికీ బహుమతి ఇవ్వరు. ఒకటి ఉంచి మూడు పక్కన పెడతారు. ఆ మూడూ చెడ్డ కథలని ఎవరూ అనుకోరు, రాసినవాళ్లు తప్ప.

ఫలితం వచ్చిన రోజు చేయాల్సినవి రెండే పనులు. మెయిల్‌లో స్పామ్ కూడా వెతుకు. బహుమతి రాకున్నా సాధారణ ప్రచురణకు తీసుకున్న కథల కబురు ఒక్కోసారి విడిగా వస్తుంది, అక్కడ ఇరుక్కుంటుంది. రెండోది, ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని రాయి: కథ పేరు, పదాల సంఖ్య, ఎక్కడికి ఏ తేదీన పంపావు, ఏమైంది, ఏ తేదీ నుంచి కథ ఇంకోచోటికి పంపడానికి ఖాళీ. ఆ చివరి గడి లేకే చాలామంది ఒకే కథను రెండు చోట్లకి పంపి చిక్కుల్లో పడతారు. 'వేరెక్కడా పరిశీలనలో లేదు' అని సంతకం పెట్టి ఇచ్చిన కథ రెండు చోట్లా అచ్చయితే, ఆ రెండు చోట్లా నీ తర్వాతి కథకి తలుపు మూసుకున్నట్టే.

ఆ రోజు చేయకూడనిది కూడా చెబుతాను. 'నా కథ ఎందుకు తీసుకోలేదు' అని నిర్వాహకులకి రాయకు, న్యాయనిర్ణేతలకి అసలు రాయకు. గెలిచిన కథల మీద ఫేస్‌బుక్‌లో ఒక్క మాటా వద్దు. ఆ మాట ఎంత సబబైనా, జనం చదివేది 'రాలేదు కాబట్టి అంటోంది' అనే.

తర్వాత రెండు వారాలు ఆ కథ తెరవకు. తెరిచినప్పుడు తెర మీద చదవొద్దు. కాగితం మీద అచ్చు తీసి, అక్షరం మామూలుకన్నా పెద్దది పెట్టి, పైకి చదువు. నాలుక తడబడిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టు, ఆగి దిద్దకు. చివరిదాకా వెళ్లాకే వెనక్కి రా.

చూడాల్సిన చోట్లు నిజానికి రెండు, మొదలూ చివరా. మొదలు ఇలా ఉందనుకో:

"తెల్లవారింది. కిటికీలోంచి లేత ఎండ గదిలోకి పడుతోంది. అలారం మోగగానే ఆమె బద్ధకంగా లేచి కూర్చుంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ముఖం కడుక్కుని గది బయటికొచ్చేసరికి నాన్న గది తలుపు తీసి ఉంది. పక్క మడతపెట్టి ఉంది. చెప్పులు మాత్రం గడప దగ్గరే ఉన్నాయి."

ఇందులో కథ చెప్పుల దగ్గర మొదలైంది. ముందున్నదంతా రాసే చెయ్యి వేడెక్కడానికి పనికొచ్చింది, పాఠకుడికి దానితో పనిలేదు. "నాన్న గది తలుపు తీసి ఉంది" అని ఎత్తుకుంటే ముందున్న నాలుగు వాక్యాలు ఆదా అవుతాయి, వడపోసేవాళ్లు రెండో పేజీ తిప్పుతారు.

ఇక చివర. "ఆమె ఆ చెప్పులు తుడిచి, తన చెప్పుల పక్కన పెట్టింది. మనిషి దూరమయ్యాకే అతని విలువ తెలుస్తుందని ఆమెకు అప్పుడు అర్థమైంది." రెండో వాక్యం కొట్టెయ్. మొదటి వాక్యం ఆ మాట చెప్పేసింది, మళ్లీ చెబితే పాఠకుణ్ని నమ్మనట్టు. కొట్టేశాక ముగింపు తేలిపోయినట్టు అనిపిస్తే లోపం చివర లేదు. మధ్యలో ఆ చెప్పులు ఒక్కసారైనా కనపడి ఉండాలి, అక్కడికి వెళ్లి ఆ పని చెయ్.

అభిప్రాయాలు వస్తే అదృష్టం. చాలా పోటీల్లో రావు. వచ్చినవాటిని ఎలా చదవాలంటే, ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట వేలు పెట్టారా చూడు. పెడితే అక్కడ జబ్బు ఉన్నట్టే, కానీ వాళ్లు రాసిచ్చిన మందు వాడి తీరాలని లేదు. 'ముగింపు హఠాత్తుగా ఉంది' అంటే ముగింపు పొడిగించమని కాదు, దానికి ముందు సిద్ధం చేసిన సంగతులు చాలలేదని. 'పాత్రలు ఎక్కువయ్యాయి' అన్నారంటే లెక్క పెట్టు. నాలుగే ఉంటే, పేర్లు ఒకదానిలా ఒకటి ఉండి కలగాపులగం అయ్యాయన్నమాట. 'మీ కథ చదివాం, ప్రస్తుతం తీసుకోలేకపోతున్నాం' అనేది అందరికీ వెళ్లే అచ్చు ఉత్తరం. అందులో అర్థాలు వెతక్కు. అదే ఉత్తరంలో నీ పాత్ర గురించి ఒక వాక్యం ఉండి, 'మరో కథ పంపండి' అని ఉంటే అది మర్యాదకి రాసింది కాదు. నెలా రెండు నెలల్లోపు కొత్త కథ పంపు, పాత కథ దిద్దింది కాదు. కథతో పాటు పెట్టే కవరింగ్ లెటర్‌లో ఆ మాట ఒక్క లైన్లో గుర్తుచెయ్.

గెలిచిన కథలు అచ్చయ్యాక తప్పకుండా చదువు, వారం గడిచాక. మొదటిసారి ఊరికే. రెండోసారి పెన్సిలుతో: కథలో మొదటి ఇబ్బంది ఎన్నో పేరాలో వచ్చింది, ఎన్ని సన్నివేశాలు, ఎన్ని రోజుల కాలం, చివరి వాక్యం ఏ వస్తువు మీద ఆగింది. వాటిలా రాయడానికి కాదు సుమా. వచ్చే ఏడాది న్యాయనిర్ణేతలు మారతారు, వీళ్లకి నచ్చిందని రాసింది వాళ్లకి పాతవాసన కొడుతుంది.

ఆ తర్వాత నీ కథను మళ్లీ పంపు. ఈసారి పోటీకే పంపాలని లేదు, మామూలు ప్రచురణకి పంపితే దారి తరచూ సులువు. అక్కడ నీ కథ 399 కథలతో కొట్లాడనక్కర్లేదు, సంపాదకుడు ఒప్పుకుంటే చాలు. మూడు నాలుగు చోట్లు తిరిగి వచ్చినా, ప్రతిసారీ కథ మార్చకు. మారిస్తే కారణం నీకు తెలియాలి.

ఫలితాలే రాకపోతే? ప్రకటించిన తేదీ దాటి రెండు మూడు వారాలు ఆగి ఒక్క ఉత్తరం రాయి: "ఫలానా తేదీన ఫలానా పేరుతో కథ పంపాను. ఫలితాలు ఎప్పుడు వెలువడతాయో తెలియజేయగలరు." అంతే, నిష్ఠూరాలు వద్దు. ఇంకో నెల చూసినా పలక్కపోతే "నా కథను ఈ తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నాను" అని మెయిల్ పెట్టి, దాని నకలు దాచుకుని, ఇంకోచోటికి పంపుకో. ఉపసంహరించకుండా పంపితే తప్పు నీ వైపు ఉంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు నీ పేరు జాబితాలో కనపడుతుంది. ఆ రోజు చాలామంది సంతోషంలో చదవకుండా సంతకం పెడతారు. కథ మీద హక్కు రాసిన క్షణం నుంచీ రచయితదే. రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఆ హక్కులో ఎంత ఇస్తున్నావో కాగితంలో చూసుకో. మొదటిసారి అచ్చువేసుకునే హక్కు ఇవ్వడం సబబు. సంకలనంలో వేసుకుంటామంటే అదీ సరే. 'సర్వహక్కులూ' అని ఉంటే మాత్రం ఆగి, అనువాదం, ఆడియో, సినిమా సంగతి విడిగా అడుగు, కాలపరిమితి అడుగు. అడిగినంత మాత్రాన బహుమతి వెనక్కి తీసుకునేవాళ్లు తక్కువ. బహుమతి అందాలంటే ఇంత కట్టాలి, ఇన్ని ప్రతులు కొనాలి అన్నారా, అది పోటీ కాదు, వ్యాపారం. ఇక అచ్చయ్యేదాకా కథను నీ ఫేస్‌బుక్ గోడ మీద పెట్టొద్దు. అచ్చుకు ముందు సరిచూడమని ప్రూఫ్ పంపితే అచ్చుతప్పులు దిద్దు, కథ తిరగరాయకు.

ప్రోత్సాహక బహుమతి వస్తే చిన్నబుచ్చుకోకు. తుది పరిశీలన దాటిన కథ అది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ

తా.క. నువ్వు పంపిన కథలో అక్కాచెల్లెళ్ల పేర్లు రమ, రాధ. మూడో పేజీలో ఉత్తరం చించింది ఎవరో తెలియక రెండుసార్లు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. పంపేముందు ఒక పేరు మార్చు.