కార్లో కంప్యూటర్ సౌండ్ బాగుండాలంటే ముందు ఎర్తు చూసుకోండి

"కార్లో చిన్న కంప్యూటర్ పెట్టి పాటలు వింటున్నా, సౌండ్ బాగాలేదు, ఏ సౌండ్ కార్డు కొనమంటారు?" అని ఒకరు అడిగారు. ఏదీ కొనకండి. నేను చూసినంతలో తప్పు కార్డుది కాదు, కరెంటుది.

నా కారు డిక్కీలో రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ ఉంది. దాని హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ఆంప్‌కి (స్పీకర్లకి సౌండ్ పెంచి పంపే యాంప్లిఫయర్‌కి) వైరు లాగితే బుస్సుమంటోందని యూఎస్‌బీ డాక్ (DAC, కంప్యూటర్‌లోని డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) కొన్నాను. ఇంట్లో స్పీకర్లకి పెట్టి వింటే అద్దంలా ఉంది. అదే కార్లో బిగించి, నాన్నగారిని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరా. ఆయనకి ఘంటసాల పద్యాలంటే ప్రాణం. చౌటుప్పల్ దాటామో లేదో, "ఏరా, కార్లో దోమ దూరిందా?" అన్నారు. చెవి పెట్టి వింటే సన్నటి ఈల. ఆక్సిలరేటర్ తొక్కితే పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. పద్యం ఒక శ్రుతిలో, అది ఇంకో శ్రుతిలో. కాసేపటికి ఆయనే "ఆపెయ్ రా" అన్నారు. చాలా బాధేసింది.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు, ఇంజన్ ఆపకుండానే, కంప్యూటర్ కరెంటు వైరుని కారు చార్జర్లోంచి పీకి పవర్ బ్యాంకుకి పెట్టాను. ఈల పోయింది! డాక్ అదే, వైర్లవే, పాట అదే.

కారు ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ. డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి గానీ కొంచెం అల మిగిలిపోతుంది, ఇంజన్ వేగాన్ని బట్టి ఆ అల వేగమూ మారుతుంది. ఎర్తంటే కార్లో మైనస్ వైరుని బాడీ ఇనుముకి కలిపే చోటు. కంప్యూటర్ ఎర్తు ఒకచోట, ఆంప్ ఎర్తు ఇంకోచోట ఉంటే ఆ అల ఆర్‌సీఏ వైరు (ఆంప్‌కి పాట తీసుకెళ్లే వైరు) మీదుగా పాటలోకి వచ్చేస్తుంది. పవర్ బ్యాంకు పెడితే ఆ దారి తెగిపోతుంది.

ఆ వారమే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఐసొలేటెడ్ డీసీ కన్వర్టర్ తెచ్చాను, అంటే లోపలికెళ్లే కరెంటు వైర్లకీ బయటికొచ్చే వైర్లకీ నేరుగా కలవకుండా కరెంటు ఇచ్చేది. కొనేముందు మల్టీమీటర్ బీప్‌లో పెట్టి లోపలికెళ్లే మైనస్‌కీ బయటికొచ్చే మైనస్‌కీ తాకించండి. బీప్‌మని మోగితే ఐసొలేటెడ్ కాదు, తిరిగిచ్చెయ్యండి. డిక్కీలో ఆంప్ ఎర్తు బోల్టు కింద రంగు అలాగే ఉంది. ఇనుము మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాను.

అసలు ఆంప్ బిగించిన షాపువాళ్ల మీద నాకు కోపం. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరునీ ఆర్‌సీఏ వైరునీ కలిపి ఒకే టేపు చుట్టేశారు. విప్పి ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు వేసుకున్నాను. ఆంప్ గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే తిప్పుడు బటన్) కూడా చివరిదాకా తిప్పి ఇచ్చారు. కంప్యూటర్‌లో వాల్యూం దాదాపు ఫుల్లు పెట్టి, గెయిన్ తగ్గించుకోవాలి. అప్పుడే బుస్సు తగ్గుతుంది. డోర్ల లోపల రేకు అదరకుండా ఆపే డ్యాంపింగ్ షీటు ముక్క అంటించరు గానీ, పెద్ద బాస్ ట్యూబు మాత్రం కొనమంటారు.

ఇంకోమాట. ఎక్కడెక్కడివో బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3లు వేసుకుని సౌండ్ లేదనుకుంటే ఎవరేం చేస్తారు? నాన్నగారి దగ్గరున్న సీడీలన్నీ నేనే కూర్చుని ఫ్లాక్‌లోకి (FLAC, సౌండ్ ఏమీ పోకుండా దాచే ఫైలు రకం) ఎక్కించాను. హార్మోనియం బెల్లోస్ గాలి శబ్దం కూడా వినిపిస్తోంది.