సైకియాట్రీ చేస్తానంటున్న పర్లాకిమిడి అమ్మాయి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ చదువుతూ నీట్‌కి ప్రిపేర్ అవుతోంది. డాక్టరైతే సైకియాట్రీయే చేస్తానంటోంది. పిచ్చి డాక్టరంటే రేపు సంబంధాలు వస్తాయా అని ఇంట్లో ఒకటే టెన్షన్. మా అమ్మకి నాలుగేళ్లుగా సరిగ్గా నిద్ర లేదు, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటుంది. ఆవిడ పక్కన కూర్చుని కూర్చుని పిల్లకి ఈ ఆలోచన వచ్చింది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. ఎం.డి. చేసిన అమ్మాయికి సంబంధాలు రాకపోవడం నేనెక్కడా చూడలేదు, ఆ దిగులు వదిలెయ్యండి.

కొన్నేళ్ల కిందట మా మేనత్తని మనవైపే ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. "బెంగగా ఉంది బాబూ, ఏటీ తోచట్లేదు" అంది గుండెమీద చెయ్యేసుకుని. కుర్ర డాక్టరుకి తెలుగు రాదు. ఆ చెయ్యి చూసి ఈసీజీ రాశాడు. అది బాగానే ఉందని పంపేశారు. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడున్న నర్సమ్మ తెలుగావిడ. "ఎప్పట్నించత్తా బెంగ? అన్నం సయిస్తోందా?" అని పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది అత్త. కొడుకు పనికి సూరత్ వెళ్లినప్పట్నుంచీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, నూతివైపు చూస్తే భయమేస్తోందని. అంత తెల్లారకుండానే మెలకువ రావడం డిప్రెషన్‌కి పెద్ద గుర్తు. ఆ ముక్క బయటికి రావడానికి రెండు నెలలు పట్టింది.

మిగతా డాక్టర్లకి స్కానింగులు, రక్తపరీక్షలు ఉంటాయి. ఇక్కడ రోగి నోట వచ్చే మాటే పరీక్ష. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడే మీ అమ్మాయికి ఈ పనిలో సగం అర్హత ఇప్పటికే ఉంది. వీలైతే మీ వైపు గిరిజనులు మాట్లాడే సవర భాషలో నాలుగు మాటలు కూడా నేర్చుకోమనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లో ఉండే కదా ఆ భాష నేర్చుకుని నిఘంటువు రాసింది!

బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ 1962 నాటిది. దాని పేరులో ఉన్నది మీ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతే. అలాంటి కాలేజీలో మానసిక వైద్య విభాగమంటే ఓపీ, వార్డు మాత్రమే కాదు. తాగుడు మాన్పించడం, పురుగుమందు తాగి బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడటం, రేపటి డాక్టర్లకి ఇదంతా నేర్పడం కూడా దాని పనే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ ఈ వైద్యం అందాలి. మనుషులు చాలకే అది కుంటుతోంది.

చదువు పొడుగే. ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, తర్వాత పీజీ నీట్, ఎం.డి. మూడేళ్లు. ప్రభుత్వ కాలేజీల ఎం.బి.బి.ఎస్.లో రాష్ట్ర కోటా 85 శాతం సీట్లకి ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ కావాలి, ఇప్పుడే తీసి పెట్టుకోండి.

సీటు రాకపోతే కల పోయినట్టు కాదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం క్లినికల్ సైకాలజిస్టుని, సైకియాట్రిక్ నర్సుని, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని కూడా ఈ రంగంలో నిపుణులుగానే గుర్తించింది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చేసి మానసిక వైద్యం వైపు వెళ్లొచ్చు. మా అత్తని కాపాడింది నర్సేనని మర్చిపోకండి. సైకాలజీ వైపు వెళ్తే మాత్రం కోర్సుకి ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. మూడు నెలల కౌన్సెలింగ్ డిప్లొమాతో క్లినికల్ సైకాలజిస్టు కాలేరు.

ఇంకొక్క మాట. మీరు అమ్మాయి గురించి అడిగారు గానీ, నాకు మీ అమ్మగారి సంగతి మనసులో పడింది. నాలుగేళ్లు నిద్ర లేకపోవడం వయసు వల్ల అని సరిపెట్టుకోకండి. ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. తర్వాత ఒకరోజు ఆవిడని బరంపురం ఓపీకి తీసుకెళ్లండి, అమ్మాయిని వెంటబెట్టుకుని. నాయనమ్మ తెలుగులో చెప్పింది మనవరాలు డాక్టరుకి ఒడియాలో చెబుతుంది. ఈ పని తనదో కాదో ఆ గదిలో తనకే తెలుస్తుంది.