అన్నం మానేసినా షుగర్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. ఏడాది కిందట అన్నం పూర్తిగా మానేశాను. పొద్దున పెద్ద గ్లాసుడు రాగి జావ, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి నాలుగు చపాతీలు. అయినా రాత్రి తిన్న రెండు గంటలకు చూస్తే 250 దాటుతోంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 వచ్చింది. ఇంకేం మానెయ్యాలి?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ఇంకేమీ మానెయ్యక్కర్లేదమ్మా. ఏడాది పాటు అన్నం ముట్టలేదంటే మీ పట్టుదలకు లోటేమీ లేదు. తేడా వస్తున్నది కొలత దగ్గర.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. జొన్నల్లో 68, రాగుల్లో 67, గోధుమపిండిలో 64. పీచు ఎక్కువ కాబట్టి చిరుధాన్యాలు మంచివే. కానీ ‘షుగర్‌కి మంచిదట’ అనగానే ఇంకో గరిటె ఎక్కువే పడుతుంది. జావ సంగతి మరీను. మెత్తటి పిండిని ఉడికించి తాగేస్తే గబగబా అరిగిపోయి షుగర్ పైకి లేస్తుంది. రాగి ఇష్టమైతే చిన్న సంకటి ముద్ద చేసుకుని, ఆకుకూర పప్పుతో తినండి.

ఇక మీ చపాతీలు. ఇవాళ పిండి కలిపే ముందు వంటింటి త్రాసు మీద తూచి చూడండి. మన ఇళ్లలో ఒక్కోదానికి 40 గ్రాముల పొడిపిండి తేలిగ్గా పడుతుంది. నాలుగింటికి 160 గ్రాములు, అందులో పిండిపదార్థం 100 గ్రాముల పైమాటే. అంటే సుమారు 350 గ్రాముల అన్నం తిన్నట్టే. మీ 250 ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమైంది కదా! శనివారం రాత్రి అన్నం మాని పలహారం చేసేవాళ్లు కూడా ఇడ్లీలు, ఉప్మాతో ఇలాగే లెక్క తప్పుతారు.

మీ వయసు ఆడవాళ్లకు నేను పూటకు 45 గ్రాముల పిండిపదార్థం దగ్గర మొదలుపెడతాను. 150 గ్రాముల వండిన అన్నం, లేదంటే 25 గ్రాముల పిండితో చేసిన పల్చటి పుల్కాలు రెండు, మహా అయితే మూడు. అవును, అన్నం మళ్లీ తినొచ్చు. ఒక్కసారి 150 గ్రాములు తూచి చిన్న స్టీలు గిన్నెలో పెట్టి చూడండి, ఎంతవరకు వచ్చిందో. ఇకమీదట ఆ గిన్నే మీ కొలత.

అసలు చిక్కంతా మన వడ్డనలో ఉంది. పప్పులోకి ఇంత, కూరలోకి ఇంత, చారులోకి ఇంత, చివర పెరుగులోకి ఇంకాస్త. ఇలా విడతలు విడతలుగా పడే అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టరు. అందుకే గిన్నెలోది ఒక్కసారే కంచంలో పెట్టుకుని, మళ్లీ వేసుకోకండి. ముందు ఓ కప్పు బీరకాయో బెండకాయో గోరుచిక్కుడో, కాస్త పప్పో గుడ్డో ఉత్తిగానే తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. ఈ వరుస మార్చినందుకే చాలామందిలో తిన్న తర్వాతి షుగర్ తగ్గుతుంది. చివర్లో పెరుగన్నం బదులు పల్చటి మజ్జిగ తాగండి. బంగాళాదుంప, చేమదుంప కూరలను మాత్రం అన్నం లెక్కలోనే వేసుకోవాలి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీరు వాడే గ్లిమిపిరైడ్ తిండి తగ్గినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది, దాంతో షుగర్ మరీ పడిపోవచ్చు. కాబట్టి కొలత మార్చే ముందే మీ డాక్టర్‌కు చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు. పూట మాత్రం ఎగ్గొట్టకండి. వణుకు, చెమటలు, గుండెదడ వస్తే వెంటనే మీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఆ సమయంలో పంచదారకు భయపడొద్దు.

వారం పాటు రోజుకో పూట చొప్పున తినే ముందు, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసి, పక్కనే ఏం తిన్నారో ఎంత తిన్నారో రాయండి. రెండు గంటలకు 180 లోపు ఉంటే ఆ కొలత మీకు సరిపోయినట్టే. ఆ పుస్తకం మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కిడ్నీ పరీక్ష ఈ ఏడాది చేయించుకోకపోతే అదీ అడగండి, పప్పు ఎంత తినాలో చెప్పడానికి ఆ రిపోర్టు కావాలి.