పాఠకుల ప్రశ్నలు: పిల్లాపాపలతో సాగరతీరపు నడక

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో విశాఖపట్నం వస్తున్నాము. మాతోపాటు ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఉంటారు. ఆర్కే బీచిలో కాసేపు కూర్చుని రావడం కాకుండా అందరమూ కలిసి తీరం వెంట నడవాలని, ఎర్రమట్టి దిబ్బలు చూడాలని ఉంది. ఆ దిబ్బలు పిల్లలకు, పెద్దవారికి అనువైనవేనా? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: అనువైనవేనమ్మా, అయితే వేళను, దారిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే బీచి రోడ్డులో, భీమిలికి కొద్ది కిలోమీటర్ల ముందు ఈ దిబ్బలు వస్తాయి. డిసెంబరులో అక్కడ ఉదయం ఆరుంబావు దాటాక సూర్యోదయమవుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. దిబ్బల మధ్య నీడ తక్కువ, లోపల మంచినీళ్లు దొరకవు. అందువల్ల తెల్లవారగానే బయలుదేరి, ఎండ చురుక్కుమనక ముందే తిరిగి వచ్చేటట్లు చూసుకోవడం మేలు. సాయంత్రం వెళ్లినవారు చీకటి పడే వేళకు ఒకేలా కనిపించే గోడల మధ్య దారి తెలియక తడబడతారు.

వాన నీరు కోసుకుంటూ పోయిన గెడ్డలే అక్కడ నడకదారులు. అడుగున పరచుకున్న మెత్తని ఇసుకలో పిల్లలు ఆనందంగా నడుస్తారు. పక్కన నిలువుగా లేచిన గోడలు చూడడానికి గట్టిగా కనిపించినా, అవి రాయి కాదు. బంకమన్ను, ఇనుము కలిసి పట్టి ఉంచిన ఇసుక మాత్రమే. వాటిపైకి ఎక్కనివ్వవద్దు, అడుగున తవ్వనివ్వవద్దు, అంచుల మీద నిలబడి ఫోటోలు తీసుకోవద్దు. పిల్లవాడి కాలి కింద ఒక పెళ్ల విరిగితే ప్రమాదం పిల్లవాడికి మాత్రమే కాదు, వేల ఏళ్లపాటు నిలిచిన గోడ కూడా ఒక్క క్షణంలో కూలిపోతుంది. గెడ్డలు చీలిన ప్రతిచోటా పెద్దవారు ఆగి, వెనక్కు తిరిగి, వచ్చిన దారిని పిల్లలకు చూపించాలి. మలుపు దాటి ముందుకు పరుగెత్తవద్దని బయలుదేరే ముందే చెప్పి ఉంచాలి. వాన కురిసిన రోజున, ఆ మర్నాడు కూడా లోపలికి వెళ్లకపోవడమే మంచిది.

మీ అత్తగారి విషయానికి వస్తే, మెత్తని ఇసుకలో నడక మోకాళ్లకు శ్రమ కలిగిస్తుంది. ఆమెకు దిబ్బల మొదటి భాగం వరకు నడక చాలును. అక్కడి నుంచే ఎర్రని గోడలు చక్కగా కనిపిస్తాయి. ఆ తరువాత సముద్రపు ఒడ్డున నడవాలనుకుంటే, అలలు వెనక్కు తగ్గుతున్న సమయంలో తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవాలి. ఒడ్డు సముద్రంవైపు వాలుగా ఉంటుంది కనుక ఒకే దిశలో చాలా దూరం నడిస్తే ఒక కాలిమీదే భారం పడుతుంది. కొంత దూరం వెళ్లి అదే ఒడ్డున తిరిగి రావడం వల్ల ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఇసుకలో నడక ఆమెకు ఏమాత్రం కష్టమనిపించినా, తొట్లకొండ చూడండి. కొండపైకి వాహనం వెళుతుంది. పైన ప్రాచీన బౌద్ధారామ శిథిలాల మధ్య కాస్త నడిస్తే చాలు, ఎదురుగా సముద్రమంతా పరచుకుని కనిపిస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు పిల్లలను తప్పక ఆకట్టుకుంటాయి. కొండ కింద మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. నీరు బాగా వెనక్కు వెళ్లినప్పుడే దాని దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలను ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్లాను. పక్కనే ఉన్న సముద్రపు ఇసుక తెల్లగా ఉండగా ఈ ఇసుక ఎందుకు ఎర్రగా ఉందని అడిగారు. ఇది ఎర్రనేలే కదా అన్నాను కాని, ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. (ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: మీ విద్యార్థులు అసలైన ప్రశ్నే అడిగారు. రాయి ఉన్నచోటనే శిథిలమై ఎర్రబడిన నేల వేరు, ఇది వేరు. ఇది ఎక్కడి నుంచో తరలి వచ్చిన ఇసుక. తూర్పు కనుమల్లోని ఖొండలైటు వంటి శిలలు అరిగి, వాగుల వెంట సముద్రం చేరి, అలలు తిరిగి ఒడ్డుకు వేసిన రేణువులే దీనికి మూలం. సుమారు 20,000 సంవత్సరాల కిందట, చివరి హిమయుగం ఉద్ధృతంగా ఉన్నప్పుడు ప్రపంచమంతటా సముద్ర మట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన విశాలమైన ఇసుకనేల మీదుగా వీచిన గాలులు ఇసుకను ఎత్తి లోపలివైపు కుప్పలు పోశాయి. సముద్రం అలా వెనక్కు పోవడం, ముందుకు రావడం చాలాసార్లు జరిగింది కనుక దిబ్బల్లో వేర్వేరు రంగుల పొరలు కనిపిస్తాయి. కాలం గడిచిన కొద్దీ ఇసుకలోని గార్నెట్టు వంటి ఖనిజాలు శిథిలమై, వాటిలోని ఇనుము ఆమ్లజనితో కలిసి ప్రతి రేణువుకూ పలుచని ఎర్రని పూతగా అంటుకుంది. లోపలి రేణువు మాత్రం ఎక్కువగా తెల్లని స్ఫటికమే.

భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి తిరుమల కొండలతోపాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇటువంటి తీరప్రాంతపు ఎర్ర ఇసుక దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ప్రముఖంగా కనిపిస్తుంది. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు గుర్తుగా ఇసుకను సీసాల్లో నింపుకోవద్దని పిల్లలకు నచ్చజెప్పండి. ఒక్కొక్క తరగతి ఒక్కొక్క పిడికెడు తీసుకువెళితే ఏమవుతుందో వాళ్లే లెక్క కట్టగలరు. అందుకు బదులుగా ఒక భూతద్దం తీసుకువెళ్లి, అరచేతిలో కాస్త ఎర్ర ఇసుకను, ఆ తరువాత ఒడ్డున నల్లని చారలుగా కనిపించే ఇసుకను పరీక్షించమనండి. ఆ నల్లని రేణువులు ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాలు. తేలిక ఇసుకను అల వెనక్కు లాక్కుపోగా ఇవి మిగిలిపోతాయి. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ చెప్పలేనిది ఆ చారలు చెబుతాయని నా నమ్మకం.

ప్రశ్న: ఒడ్డున నడుస్తూ పిల్లలను మోకాలి లోతు వరకు నీళ్లలోకి దిగనివ్వవచ్చునా? (ఒక తండ్రి, కాకినాడ)

జవాబు: విశాఖ తీరంలో దిగనివ్వకండి. ఇక్కడ చాలాచోట్ల ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా దిగిపోతుంది. అలలతో వచ్చిన నీరు ఇరుకైన పాయలుగా వేగంగా వెనక్కు పోతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా విరుగుతాయి కనుక, ప్రశాంతంగా ఉన్న ఆ నీరే సురక్షితమని చూసేవారు పొరబడతారు. పాదాలు తడిసేంతవరకు, అదీ పెద్దవారు చేయి పట్టుకుని, సముద్రంవైపు తాము నిలబడినప్పుడే అనుమతించండి. స్నానం చేయించాలనుకుంటే రక్షకులు కాపలా ఉండే చోట, వారు చూపిన హద్దులోనే చేయించాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకుండా, తేలే వస్తువు ఏదైనా విసిరి, దగ్గరలోని జాలరులను కేకవేయండి. ఆ నీటి తీరు వారికి తెలుసు.

ప్రశ్న: భీమిలి ఒడ్డున చనిపోయిన తాబేళ్లను చూసి మా అమ్మాయి చాలా బాధపడింది. అవి ఎందుకు చనిపోతాయి? బతికి ఉన్న తాబేలు ఎదురైతే ఏమి చేయాలి? (ఒక తల్లి, అనకాపల్లి)

జవాబు: అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. గుడ్లు పెట్టడానికి శీతాకాలంలో ఈ తీరానికి వస్తాయి. ఊపిరితో బతికే జీవులు కనుక మధ్యమధ్య నీటిపైకి రావాలి. మరపడవల వలల్లో చిక్కుకుంటే పైకి రాలేక చనిపోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు చీకటి వేళల్లో ఒడ్డున నడిచేవారు తాబేలును చూస్తే దూరంగా ఆగిపోవాలి. టార్చి, ఫోను దీపం వేయకూడదు, మాట్లాడకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలును సముద్రంలోకి తోస్తే దానికి మేలు చేసినట్లు కాదు. పెట్టడం ముగిశాక, అది తనంతట తానే వెళుతుంది. అది వెళ్లిన తరువాత గూడును కదపకుండా అటవీశాఖవారికి గాని, తీరంలోని తాబేళ్ల హేచరీ కాపలాదారులకు గాని చోటు చూపించండి. వారు గుడ్లను కుక్కలు, నక్కల బారిన పడకుండా కంచె ఉన్న చోటికి చేరుస్తారు. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలే ఉదయం చూడడానికి అనుమతి ఉంటుందేమో కాపలాదారులనే అడిగి, మీ అమ్మాయిని తీసుకువెళ్లండి.