పదమూడేళ్లకే బెంచి మీద... అకాడమీ మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. క్లబ్ జూనియర్ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆట బాగుందని అందరూ అంటారు. కానీ ఈ సీజన్‌లో కోచ్ వాడిని ఎక్కువగా బెంచి మీదే కూర్చోబెడుతున్నారు. అడిగితే ఒళ్లు చాలదంటున్నారు. రెగ్యులర్ స్కూలు మాన్పించి, హాస్టల్ ఉన్న ఫుల్‌టైమ్ అకాడమీలో చేర్చాలనుకుంటున్నాం. అక్కడివాళ్లు విదేశీ క్లబ్‌లలో ట్రయల్స్ కూడా ఇప్పిస్తామంటున్నారు. ఉన్నచోటే ఉంచాలా, మార్చాలా? ఆలస్యమైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: అకాడమీ సంగతి కాసేపు పక్కన పెడదాం. మా వాడిలో సరుకు లేదేమో, కోచ్ అది కనిపెట్టేశారేమో అన్న భయం మీ ప్రతి వాక్యంలోనూ ఉంది. ఈ వయసు పిల్లల తల్లిదండ్రులు దాదాపు అందరూ నన్ను అడిగేది ఇదే.

ఏ పదమూడేళ్ల జట్టునైనా వరసగా నిలబెట్టి చూడండి. ఒకడికి నూనూగు మీసాలు వచ్చేసి ఉంటాయి, పక్కవాడికి ఇంకా గొంతే మారి ఉండదు. కాగితం మీద ఇద్దరిదీ ఒకే వయసు. శరీరం ఎదిగిన తీరులో మాత్రం మూడు నాలుగేళ్ల తేడా ఉండొచ్చు. వచ్చే ఆదివారం మ్యాచ్ గెలవాలనుకునే కోచ్‌కి మీసాలవాడితోనే పని సులువు. బంతిని ముందుకు తన్నితే పరిగెత్తి అందుకుంటాడు, భుజం ఆనిస్తే ఎదుటివాడు తూలిపోతాడు. మిగతావాళ్లూ ఎదిగాక ఆ పైచేయి పోతుంది. పుట్టిన నెల కూడా చూడండి. వయసు లెక్క జనవరి 1 నుంచి వేసే చోట్ల జూనియర్ జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు ఎక్కువగా, చివర్లో పుట్టినవాళ్లు తక్కువగా కనిపించడం చాలా దేశాల్లో గమనించిన విషయమే. మీ వాడు ఏ నెలలో పుట్టాడో మీరు రాయలేదు.

ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్‌ని చిన్నప్పుడు లండన్ క్లబ్ ఆర్సెనల్ ఒక్క సీజన్‌కే వద్దనుకుంది. 2018 ప్రపంచ కప్‌లో ఆరు గోల్స్‌తో, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ అతనిదే. మరో ఇంగ్లండ్ స్ట్రైకర్ జేమీ వార్డీని పొట్టిగా ఉన్నాడని 16 ఏళ్లకు షెఫీల్డ్ వెన్స్‌డే అనే క్లబ్ పంపించేసింది. చిన్న లీగుల్లో ఆడుతూ, ఫ్యాక్టరీలో పనిచేసి, 2016లో లెస్టర్ క్లబ్‌తో ఇంగ్లండ్‌లోని అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచాడు. మీ వాడూ అంతటివాడవుతాడని చెప్పడానికి ఇవి ఎత్తలేదు. వద్దనిపించుకున్నవాళ్లలో చాలామంది ఇతర ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కాకపోతే, పదమూడేళ్లకు ఇచ్చిన తీర్పును తుది తీర్పు అనుకోవద్దు. బంతి అందేలోపు మీ వాడు తల తిప్పి వెనక ఎవరున్నారో చూస్తున్నాడా? బంతి పోగొట్టుకున్న మరుక్షణం ఏం చేస్తున్నాడు, చేతులెత్తి నిలబడుతున్నాడా, వెంటపడుతున్నాడా? నేనైతే ఎత్తు కొలిచేముందు ఇవి చూస్తాను.

ఇక హాస్టల్ అకాడమీ. ఇవి ఇప్పుడు ఫ్యాషనైపోయాయి, నాకు మాత్రం వీటి మీద గట్టి అనుమానాలున్నాయి. రోజుకు రెండు పూటల ప్రాక్టీస్ అని గొప్పగా వేసుకుంటారు. పిల్లవాడి వయసు ఎంతో, వారానికి శిక్షణ అన్ని గంటలు మించకూడదని స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక మోటు లెక్క ఉంది. పూటకు గంటన్నర చొప్పున ఆరు రోజులంటే పద్దెనిమిది గంటలు. మీ వాడికి పదమూడు. ఎత్తు పెరిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక పొడుచుకొచ్చి, ముట్టుకుంటేనే నొప్పి పుట్టడం చాలామంది ఆటగాళ్లలో చూస్తాం. దానికి ఆస్‌గుడ్ ష్లాటర్ అని పేరు. ఆట తగ్గిస్తే సర్దుకుంటుంది. హాస్టల్లో ఉన్న పిల్లవాడు, ఎక్కడ టీమ్‌లోంచి తీసేస్తారోనని ఆ నొప్పి బయటికి చెప్పడు.

విదేశీ ట్రయల్స్ మాట విన్నాక నాకు కోపమే వచ్చింది. 18 ఏళ్లలోపు పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడాన్ని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా నిషేధించింది. ఆ నిబంధనలు మీరినందుకే స్పెయిన్‌లోని బార్సిలోనా అంతటి క్లబ్ 2015లో రెండు ట్రాన్స్‌ఫర్ విండోల (ఆటగాళ్లు క్లబ్ మారడానికి ఇచ్చే గడువుల) పాటు కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోలేకపోయింది. మరి పదమూడేళ్లవాడికి ట్రయల్ ఇప్పించి వాళ్లు చేసేదేంటి? డబ్బు కట్టేముందు ఆ ప్రశ్న అడగండి, జవాబు కాగితం మీద రాసిమ్మనండి.

మీకు కొంచెం కటువుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వాడికింకా పదమూడేళ్లే, మీరు విదేశీ క్లబ్‌ల దాకా వెళ్లిపోయారు. ఇంత రాశారు గానీ, వాడేమంటున్నాడో ఒక్క ముక్కైనా రాశారా? గీత బయట నిలబడి షూట్, షూట్ అని అరిచే తండ్రుల పిల్లలను నేను చూస్తుంటాను. బంతి కాలికి తగలగానే ముందు నాన్న వైపు చూస్తారు, ఆ తర్వాతే గోల్ వైపు. ఆ అర సెకనులో డిఫెండర్ వచ్చేస్తాడు. ఇంటికి వెళ్లే దారంతా మ్యాచ్ పోస్ట్‌మార్టం చేస్తే ఆట మీద ఇష్టమే చచ్చిపోతుంది. మీరు అలాంటివారు కాకపోతే సంతోషం.

పోలిక అడిగారు కాబట్టి: ఈ ఏడాదికి స్కూలు మాన్పించకండి. అవసరమైతే క్లబ్ మార్చండి, వాడికి మ్యాచ్‌లో ఆడే నిమిషాలు దొరికే చిన్న క్లబ్‌కైనా సరే. బెంచి మీద కూర్చుని ఎవరూ ఆట నేర్చుకోరు. హాస్టల్ సంగతి పదహారేళ్లకు, ఎదుగుదల ఒక కొలిక్కి వచ్చాక, మళ్లీ ఆలోచిద్దాం. ఆటగాడు కాకపోయినా కోచింగ్, రిఫరీయింగ్, ఫిజియోథెరపీ, మ్యాచ్ అనాలిసిస్ ఉన్నాయి. ఫిజియోథెరపీకైతే డిగ్రీ తప్పనిసరి, స్కూలు మాన్పించవద్దని అనడానికి అదీ ఒక కారణం.

ఈ వారం కోచ్‌ని కలవండి. ఎందుకు ఆడించడం లేదని అడక్కండి, వచ్చే మూడు నెలల్లో వాడు ఏం మెరుగుపరచుకోవాలో చెప్పమనండి. ఒళ్లు పెంచుకోవాలి అన్న మాట తప్ప ఆయన దగ్గర ఇంకేమీ లేకపోతే, అప్పుడు వేరే క్లబ్ వెతకండి.