కారం యూనిట్ పెడదామనుకుంటున్న మా అబ్బాయికి

చి. అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఈసారి మిరపకాయ గుంటూరు యార్డుకు తోలకుండా కారం పట్టించి ప్యాకెట్లు అమ్ముదామనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మంచి ఆలోచనే. కానీ నువ్వు మొదట అడిగింది సబ్సిడీ ఎంతొస్తుందని. అది సున్నా అనుకుని ముందు లెక్క వెయ్యి. అప్పుడు కూడా కిస్తీ కట్టగలనని తేలితేనే దరఖాస్తు పెట్టు.

ఎందుకంటావా? నువ్వు చెప్పిన పీఎంఎఫ్ఎంఈ, అంటే చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం, 2020 జూన్‌లో వచ్చింది. అర్హమైన ఖర్చులో 35 శాతం ఇస్తారు, 10 లక్షలకు మించదు. 12 లక్షల యూనిట్ అనుకో. కనీసం 10 శాతం, అంటే 1.20 లక్షలు నువ్వు పెట్టాలి, మిగతాది బ్యాంకు అప్పు. 4.20 లక్షల సబ్సిడీ నీ చేతికి రాదు, బ్యాంకులోనే విడిగా ఉంటుంది. చివరి విడత అప్పు ఇచ్చిన మూడేళ్ళకి, ఖాతా మొండి బాకీ కాకుండా, యూనిట్ నడుస్తూ ఉంటేనే దాన్ని అప్పులో జమ చేస్తారు. మొదటి ఏడాది ఆ డబ్బుతో కాయ కొందామనుకుంటే కుదరదు.

నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా ఉండగా మూతపడిన యూనిట్లు చూశాను. మర పాడై ఆగిపోయినవి తక్కువ, సరుకు కొనడానికి డబ్బుల్లేక ఆగినవే ఎక్కువ. గుంటూరు యార్డుకి కాయ ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఏడాది పొడుగునా కారం అమ్మాలంటే అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. మీ పొలంలో పండింది ఎన్ని నెలలకు సరిపోతుంది? కొట్టువాడు సరుకు దించుకున్న రోజే డబ్బివ్వడు. అందుకని మిషన్లకిచ్చే టర్మ్ లోనుతో పాటే సరుకు కొనడానికిచ్చే వర్కింగ్ క్యాపిటల్ అప్పు కూడా అడుగు. దానిమీద సబ్సిడీ రాదని చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు.

ఇంకోటి. తొడిమలు, తాలు, తేమ, మరలో ఎగిరిపోయే పొడి అన్నీ పోగా క్వింటా కాయకి క్వింటా కారం రాదు. ఎంతొస్తుందో కాగితం మీద ఊహించొద్దు. మీ కాయే ఒక బస్తా తొడిమ తీయించి, ఊళ్ళో మరలో ఆడించి తూచు. ఆ కారాన్ని నాలుగు కొట్లలో పెట్టి, మళ్ళీ అడిగారో లేదో చూడు. రంగు తక్కువగా ఉందని ఎవరైనా అంటే రంగు కలపాలన్న బుద్ధి మాత్రం పుట్టనీయకు. 2003లో కారంలో సూడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు బయటపడ్డాక మన మిరప మీద ఐరోపా వాళ్ళు పరీక్షపత్రం తప్పనిసరి చేశారు. మర వేడెక్కితే కూడా రంగు చెడుతుంది, నిదానంగా ఆడించు.

కాగితాల పని పెద్దదేం కాదు. ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి, ఫుడ్ లైసెన్సుకి, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదుకి, ఈ పథకం కింద పెట్టిన జిల్లా రిసోర్స్ పర్సన్ సాయం చేస్తారు. వాళ్ళ ఫీజు పథకమే ఇస్తుంది. శాంక్షన్ చేయిస్తా, ఇంత శాతం ఇవ్వమనేవాణ్ణి గడప తొక్కనివ్వకు. భూమి ధర లెక్కలోకి రాదు. షెడ్డు మీద మోజు పడకు, సివిల్ పనులకు అర్హమైన ఖర్చులో 30 శాతమే హద్దు. మిషన్ల కొటేషన్ పెంచి రాయిద్దామని ఎవడైనా సలహా ఇస్తే, ఆ పెరిగిన అప్పుకి వడ్డీ కట్టేది నువ్వేనని గుర్తుపెట్టుకో.

అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది కదా. ఆహార తయారీ పని చేసే సభ్యులకు తలా 40,000 దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి ఉంది, సమాఖ్య ద్వారా అప్పుగా ఇస్తారు. నిజం చెప్పాలంటే, 12 లక్షల యూనిట్‌కంటే ముందు ఆ దారిన ఒక సీజన్ చిన్నగా చేసి చూడమనే నేనంటాను. ఈ పథకానికి గడువు 2025-26 దాకా పొడిగించారు. నువ్వు దరఖాస్తు పెట్టేనాటికి ఇంకా తీసుకుంటున్నారో లేదో కనుక్కో. బ్యాంకుకి వెళ్ళేముందు నీ పాత అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు తీయించు. పంటరుణం రెన్యూవల్ ఆగి ఉంటే ముందు అది సరిచేసుకో.

బస్తా ఆడించాక తూకం ఎంతొచ్చిందో నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న